చక్రానికి కుట్టు జాగా

నాన్న పట్టిన పట్టు విడిచే రకం కాదు. తన పాత కారు ఇంజను చేతులెత్తేసినప్పటి నుంచీ గడప దాటలేదు. అల్లుడి కారెక్కమంటే, "ఆ డబ్బాలోనా? నా చక్రాలున్న బండయితేనే ఎక్కుతా," అని భీష్మించుకు కూర్చున్నాడు. విసుగులో అన్న మాటే అది. కూతురు టైలరమ్మ మాత్రం దాన్నే గట్టిగా పట్టుకుంది. నాన్న ఇలా గోడలు చూస్తూ కూర్చోవడం ఆవిడ చూడలేకపోతోంది మరి.

పాత కారు అప్పటికే తుక్కు కొట్టుకు చేరింది. సాయంత్రం దాన్ని నుజ్జు చేసేస్తామనీ, చక్రాలు కావాలంటే ఈలోగా తేల్చుకోమనీ కొట్టువాడు కబురుపెట్టాడు. టైలరమ్మ ఊరుకుంటుందా? ఆ చక్రాలు మొగుడి కారుకి పడతాయో లేదో చూడ్డానికి కత్తెరా, బ్రౌను కాగితమూ పట్టుకుని వెళ్లింది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన మనిషిని కొలిచినట్టు చక్రాన్ని కొలిచి, బోల్టు కన్నాలూ నడిమి పెద్ద కన్నమూ గీసి, కత్తిరించుకుని ఆఘమేఘాల మీద ఇంటికొచ్చింది.

ఇంటి ముందు మొగుడు తన కారును జాకీ మీద లేపి, ఒక చక్రం విప్పి సిద్ధంగా ఉన్నాడు. కాగితం పెట్టి చూశాడు. నాలుగు బోల్టులూ బుద్ధిగా కన్నాల్లోంచి తలలు బయటపెట్టాయి. మధ్యలో గుండ్రంగా పొడుచుకొచ్చిన ఇనుప భాగం మాత్రం దూరనంటే దూరనంది.

"లాభం లేదు. నడుమ బిగుతు," అన్నాడు.

"పోనీలే, అన్నీ కలిపి నలగ్గొట్టమను," అని గుమ్మంలోంచి నాన్న లోపలికి వెళ్లిపోయాడు. టైలరమ్మ చక్రాలు వద్దని కొట్టువాడికి చెప్పడానికి ఫోను తీసి, కాగితాన్ని మరోసారి చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, నా మతి మండా! మెడకి కుట్టు జాగా వదిలేశానండీ!"

"చక్రానికి మెడేంటి?"

"చేతి అలవాటు! గుండ్రంగా కనబడేసరికి మెడ అనుకుని, మడిచి కుట్టడానికి అంచు ఉంచి గీతకి లోపలగా కత్తిరించేశా."

"మరి బోల్టు కన్నాలకి వదల్లేదే?"

"కాజాలకి ఎవరైనా కుట్టు వదులుతారా?"

మొగుడు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఆవిడ గీత వెంబడి మళ్లీ కత్తిరించింది. ఈసారి కాగితం ఇట్టే కూర్చుంది. ఫోను వెళ్లింది, చక్రాలు వచ్చాయి. బిగించి తిప్పితే ఎక్కడా రాసుకోలేదు.

నాన్న బయటికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. ఒక్కో చక్రాన్నీ కాలితో తట్టి చూశాడు. ఇక తప్పించుకునే దారి లేదు. ముందు తలుపు తీసి, స్టీరింగు దగ్గర కూర్చున్న అల్లుణ్ని ఎగాదిగా చూశాడు.

"నువ్వు దిగవయ్యా. చక్రాలు మావి. మా అమ్మాయి నడుపుతుంది."

లైసెన్సు వచ్చి ఏళ్లవుతున్నా, ఆయన ఏనాడూ తన కారు తాళాలు కూతురి చేతికివ్వలేదు. మొగుడు వెనక సీట్లోకి మారాడు. టైలరమ్మ స్టీరింగు ముందు కూర్చుంది.

"ఎక్కడికి నాన్నా?" అంది.

"ముందు వీధి చివరిదాకా పోనివ్వు. నీ డ్రైవింగు చూశాక మిగతాది చెప్తా."