గడియారాల ఇంట్లో పుట్టినవాడు

మా అన్నయ్యను వీధంతా రాజావారు అంటుంది. ఉంగరాల చేత్తో మీసం దువ్వుకుంటూ నడుస్తాడు కనుక. నేను మాత్రం ఆ మాట అనను. తమ్ముడు పుట్టిన వేళను తమ్ముడికే బేరం పెట్టినవాడిని ఏమనాలో నాకు తెలియదు. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, నా దగ్గర మాటలు తక్కువ.

నాకు జాతకంతో పని పడింది నలభై ఎనిమిదో ఏట. మా గడియారాల కొట్టుకు ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ ఉంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, తలెత్తి ఇటు చూసేది. ఆ చూపు కోసం బాగున్న గడియారాన్ని కూడా మళ్లీ విప్పి కూర్చునేవాణ్ణి. ఒకనాడు చొక్కా గుండీ వంకతో వెళ్లి పెళ్లి మాట అడిగేశాను.

"నాకు ఇష్టమే," అంది తలెత్తకుండా. "మా అమ్మే ఊరుకోదు. మొదటిసారి జాతకాలు చూడకుండా చేశానని ఇప్పటికీ ఏడుస్తుంది. మీది తెచ్చివ్వండి."

"నాకు లేదే!"

"లేకపోతే వేయించుకోండి. గుండీ ఊడితే కుట్టించుకోవడం లేదూ?"

జాతకాలాయన మెట్ల కింద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. "లెక్కలన్నీ ఇదే కడుతుంది బాబూ. పుట్టిన తేదీ, ఊరు, వేళ చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్తా."

"వేళ తెలీదండీ. ఉజ్జాయింపుగా వేసెయ్యండి."

"కుదరదు. నువ్వు పుట్టినప్పుడు తూర్పున ఏ రాశి ఉందో అదే నీ లగ్నం. రెండు గంటలకోసారి మారిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లనడుగు."

పెద్దవాళ్లలో మిగిలింది రాజావారే. నేను పుట్టినప్పుడు మంత్రసాని కేకేస్తే, వెళ్లి టైము చూసొచ్చింది తానేనని చిన్నప్పటి నుంచీ గొప్పలు పోయేవాడు.

"చెబుతాలేరా చిన్నోడా," అన్నాడు. "ముందు నాన్న కొట్టులో నీ సగం నా పేర రాసెయ్. మందుల షాపువాడు కొంటానంటున్నాడు, నువ్వే అడ్డం."

"నా పుట్టుకకు వెల కడుతున్నావా అన్నయ్యా?"

"ఇన్నేళ్లూ నా సగంలో కూడా నువ్వే కూర్చున్నావు. అద్దె అడిగానా?"

లోపలి నుంచి వదిన నవ్వింది. "త్వరగా చెప్పి పంపండీ! ఈ వయసులో పెళ్లికొడుకుని నిలబెడితే మోకాళ్లు పట్టేస్తాయి."

సంతకం పెట్టాను. కొట్టు పోయినా, ఆవిడ మిషను పక్కన నా బల్లకు కాస్త చోటుంటే చాలనుకున్నాను.

"తెల్లవారుజామున నాలుగూ ఇరవై," అన్నాడు.

ఆ వేళతో వేసిన జాతకం ఆవిడ తల్లి ఎవరికో చూపించి తెచ్చి, నా చేతిలో పెట్టేసింది. "పొసగలేదు నాయనా. మా పిల్లకు మళ్లీ ఆ గండం వద్దు."

అప్పుడు వెలిగింది నాకు. అన్నయ్య దగ్గరికి పరుగెత్తాను. "ఆరోజు ఏ గడియారంలో చూశావు?"

"నాన్న బల్ల మీద పెద్దది ఉండేది, అందులో."

మా నాన్న బల్ల మీదికి వచ్చేవన్నీ చెడిపోయినవే. బాగైనది ఆ పూటే సొంతదారుడితో వెళ్లిపోయేది. ఇంటినిండా గడియారాలున్నా, టైము కావాలంటే మా అమ్మ పక్కింటివాళ్లనే అడిగేది.

"అది నడుస్తోందా అప్పుడు?"

"ఏడేళ్లవాణ్ణిరా! ముల్లు చూడమన్నారు, చూశా."

అబద్ధమాడలేదు వాడు. ఆడి ఉంటే తిట్టుకునైనా బతికేవాణ్ణి. గడియారాలు బాగుచేసే నాకు సంతకానికి ముందే అడగాలని తోచలేదు మరి.

ఆవిడకు చెబితే మిషను ఆపేసింది. "ఏదో ఒక వేళ మీరే చెప్పేయాల్సింది. మా అమ్మకు కావలసింది కాగితం. ఇప్పుడు ఇంకోటి తెస్తే నమ్ముతుందా?"

"మీరు నమ్ముతారా?"

"నా కోసం అడిగానా మిమ్మల్ని జాతకం?" అంది. తల దించుకుని మళ్లీ మిషను తొక్కసాగింది.

ఇప్పుడు రెండు వీధుల అవతల, సందు మొదట్లో బల్ల వేసుకున్నాను. అక్కడికి ఆవిడ మిషను చప్పుడు వినపడదు. అయినా చెవి అటే ఉంటుంది. ఆవిడ ఎదురుగా నేను పోగొట్టుకున్నది తొమ్మిదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల లోతు కొట్టులో సరిగ్గా సగం.