కుంకుమ రేఖ చీటీ

కిందటి వానాకాలం నంద్యాలలో జయరాజు పెరట్లో నీళ్లు నిలిచి డేలిలీ పూలమొక్కలన్నీ కుళ్లిపోయాయి. ఆయన రిటైరైన కాలేజీ లెక్చరరు. మొక్కలు మాత్రం చనిపోయిన భార్య సారమ్మవి. మిగతావి పోయినా సరే, ఆమె ప్రాణంగా చూసుకున్న ‘కుంకుమ రేఖ’ ఒక్కటి దొరికితే చాలనుకున్నాడు. పసుపు రెక్కల నడుమ ఎర్రటి గీత ఉండే పువ్వది. దాని పిలకను సారమ్మ ఒకప్పుడు ఆళ్లగడ్డలో ఉండే స్నేహితురాలు ఖాసింబీకి ఇచ్చింది.

ఎండలు ముదురుతుండగా బస్సెక్కి వెళ్లాడు. ఖాసింబీ మిద్దె మీద తొట్టిలో సారమ్మ చేతిరాత చీటీ అలాగే గుచ్చి ఉంది. పువ్వు మాత్రం ఇటుకరంగులో ఉంది, గీత లేదు.

ఫొటో తీసి పంపితే, మొక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో తలా ఒక మాట అన్నారు. ఎండకు రంగు మారిందన్నారొకరు. మొదటే చీటీ తప్పన్నారింకొకరు. ఎండ మాటే నిజమైతే బాగుండునని జయరాజు మనసు కొట్టుకుంది.

ఖాసింబీ తల దించుకుంది. “వాళ్ల మాటలెందుకు సార్. కాయలు కొయ్యకుండా వదిలేస్తి. గింజలు ఈ తొట్టిలోనే రాలి మొలిచినాయి. తల్లి పేరే బిడ్డకూ అనుకుంటి.”

పిలక వేస్తేనే తల్లి పేరు చెల్లుతుంది, గింజకు మొలిచింది వేరే మొక్క. ఆ మాట చెప్పి చెప్పి గ్రూపును విసిగించింది జయరాజే. ఇప్పుడు మాత్రం, “పాత పిలక ఏమైనా మిగిలిందామ్మా?” అని అడిగాడు.

ఖాసింబీ తొట్టిని వంచి మట్టి విదిలించింది. ఇటుకరంగు పువ్వు మొక్క వేళ్ల చాటున, పూతకు రాని బక్క పిలక ఒకటి ఉంది.

“ఇదే అయ్యుంటాది సార్. తీసకపోండి.”

అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఈ ఎండలో బస్సు, ఆపైన కొత్త మట్టి. తట్టుకోదనిపించింది. “నీ దగ్గరే ఉండనీమ్మా, నీ చేతికి అలవాటు పడింది” అని ఇచ్చేశాడు. నంద్యాల వచ్చేదాకా వట్టి సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వానలు పడ్డాక ఒక ఉదయం ఫోను మోగింది.

“పువ్వు ఇచ్చుకునింది సార్. బేగా రండి, పొద్దుగూకితే ముడుచుకుంటాది.”

వెళ్లేసరికి పసుపు పువ్వు, నడుమ ఎర్రగీత. సారమ్మ చీటీ దాని తొట్టిలోకి మారింది. ఇటుకరంగు దాని దగ్గర ఏమీ రాయని చీటీ గుచ్చి ఉంది.

“దీనికేం పేరు పెడదాం సార్?”

“నీ ఇంట్లో పుట్టింది. నువ్వే పెట్టాల.”

ఆమె ఆలోచిస్తూ టీ పెట్టడానికి కిందికి దిగింది. జయరాజు పీట లాక్కుని పువ్వు ముందు కూర్చున్నాడు. అదే కాడకు రేపు విచ్చుకునే మొగ్గ ఇంకొకటి కనిపించింది.