కుడివైపు నాలుగు నట్లు

మూడో వరుసలో ఏడో ప్యానెల్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. దైవాశీర్వాదం నుదుటిమీది కళ్ళద్దాలను ముక్కుమీదికి దించుకుని, టార్క్ రెంచ్‌ను బోల్టు తలమీద కూర్చోబెట్టి, రెండు చేతులతో మెల్లగా లాగాడు. సరిపడా బిగిసి ఉందని రెంచ్ టిక్కుమంది. చొక్కా జేబులోంచి పసుపు పెయింటు కలం తీసి, బోల్టు మీదినుంచి రేకు మీదికి ఒక గీత గీశాడు. మళ్ళీ తరవాతి బోల్టు.

టెక్సాస్ రాష్ట్రం ఇర్వింగ్‌లోని ఈ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా ఆయన పని ఇదే. పెద్ద భవనాలకు వెళ్ళే కరెంటు ప్యానెళ్ళలో ఇతరులు బిగించిన బోల్టులు సరిగ్గా బిగిశాయో లేదో చూడటం. గీత ఉంటే చూసినట్టు, లేకపోతే చూడనట్టు. అరవయ్యేళ్ళు వచ్చినా ఆయన చెయ్యి వణకదు. మణికట్టు దగ్గర మాత్రం నరం ఒకటి ఉబ్బి, పురికొసలా కనిపిస్తుంది.

నరసాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు కొడుకు ఆయన. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాడు. అమెరికా ఉద్యోగం వచ్చింది మాత్రం నర్సుగా పనిచేస్తున్న భార్య వసంతకుమారికి. ఆమె వెంట వచ్చి, మొదటి మూడేళ్ళూ వంట చేస్తూ, పాప ప్రిస్సిల్లాకు జడలు వేస్తూ ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పటికీ తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరైనా ఆయనను కొత్తవాళ్ళకు పరిచయం చేయాల్సివస్తే "సిస్టర్ వసంతకుమారి గారి హస్బెండ్" అంటారు. ఆయన నవ్వి వందనాలు చెబుతాడు.

పన్నెండో బోల్టు దగ్గర చెయ్యి ఆగింది. దానిమీద గీత లేదు. ఇంకా చూడలేదు కాబట్టి లేదు, అంతే. కానీ ఆ ఖాళీ లోహాన్ని చూస్తుంటే కూతురి ట్రక్కు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని ఎడమవైపు నాలుగు నట్లకూ గీతలు గీసిన సంగతి గుర్తుంది. కలం మూతను పళ్ళమధ్య పట్టుకున్న సంగతీ గుర్తుంది.

కుడివైపు గీసిన గుర్తు లేదు.

ప్రిస్సిల్లా కొన్న ఆ ట్రక్కు ఆమెకంటే మూడేళ్ళే చిన్నది. పశ్చిమ టెక్సాస్ ఎడారి కొండల్లో నీటి ఊటలు ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో లెక్కపెట్టే ఉద్యోగం వచ్చిందామెకు, ఆర్నెల్లకు. రాళ్ళదారుల్లో తిరగాలంటే బండి ఎత్తు పెంచాలి. షాపువాళ్ళు అడిగిన డబ్బుతో ఇంకో పాత ట్రక్కు వస్తుంది. "వాళ్ళెందుకు, నేను చెయ్యనా?" అన్నాడు దైవాశీర్వాదం. ఎనిమిది వారాంతాలు చేశాడు. పాత బండ్ల యార్డులో వెతికి, వెనక ఇరుసుకూ, కుదుపులు తట్టుకునే కమాను కట్టలకూ మధ్య పెట్టే ఇనుప దిమ్మెలు తెచ్చాడు. ఫ్యాక్టరీలో పారేసిన వైరింగు గొట్టాలు వంచి పైన సామాను చట్రం కట్టాడు. చిరిగిన కన్వేయర్ బెల్టు కోసి చక్రాల వెనక బురద ఆపే పట్టీలు వేలాడదీశాడు. ఇంజను గాలి పీల్చేందుకు నీళ్ళ పైపుతో ఒక ముక్కు పెట్టాడు.

"ఇంటిముందు తుక్కు కొట్టు పెట్టారు. కాలనీ హెచ్ఓఏ వాళ్ళు లెటర్ పంపిస్తే మీరే చదువుకోండి," అంది వసంతకుమారి.

నిన్న ఆదివారం ఆఖరి పని, కమాను కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు. ఒక్కో వైపు నాలుగు నట్లు. ఎడమవైపు పూర్తయింది. కుడివైపు నట్లు వేళ్ళతో ఎక్కించి, చిన్న పానాతో ఆనేదాకా తిప్పి, పెద్ద రెంచ్ కోసం చెయ్యి చాచాడు. అప్పుడే మూడు కార్లు వచ్చి ఆగాయి.

సంఘంలో ఎవరు బండి కొన్నా పాస్టరు అయ్యగారు వచ్చి దానిమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఐదింటికి రావాల్సినవాళ్ళు, వేరే ఇంట్లో జరగాల్సిన ప్రార్థన కూటం తప్పిపోయి, నాలుగుంబావుకే వచ్చేశారు. పద్నాలుగుమంది.

"ఏవండీ, అయ్యగారొచ్చేశారు! ఆ చేతులేంటి, ముందు కడుక్కోండి," వసంతకుమారి గుమ్మంలోంచి పిలిచింది.

"ఐదు నిమిషాలు," అన్నాడు బండి కిందనుంచి. ఎవరికీ వినబడలేదు.

అందరూ చేతులు వేయాలంటే బండి నాలుగు చక్రాలమీదా నిలబడాలి. గబగబా చక్రం ఎక్కించి, దాని నట్లు బిగించి, జాకీ దించేశాడు. అయ్యగారు బానెట్‌మీద నూనె రాసి, అద్దాలనూ చక్రాలనూ ఇంజనునూ పేరుపేరునా దీవించారు. ఆమేన్ అన్నాక అందరూ ట్రక్కు చుట్టూ చేరారు. "ఇదంతా మీరే చేశారా బ్రదర్? సొంతంగానా?" అని అయ్యగారు భుజం తట్టారు. "మీ చేతుల్లో ఇంత పనుందని ఇన్నాళ్ళూ తెలీలేదే!"

ఇన్నేళ్ళ సంఘంలో మొదటిసారి జనం ఆయనచుట్టూ నిలబడ్డారు. అవునండీ, కానీ ఇంకా అయిపోలేదు అని ఆ క్షణంలో అనాల్సింది. అనలేదు. తరవాత బిరియానీ వడ్డించారు. ఆ తరవాత పని అయిపోయిందనే అనిపించింది. ఈ ఉదయం ఏడింటికి ప్రిస్సిల్లా వెళ్ళిపోయింది.

దైవాశీర్వాదం ఫోను తీసి నొక్కాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ నొక్కాడు. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోవద్దని ఆమెకు పదహారేళ్ళప్పుడు మాట తీసుకున్నది ఆయనే. ఆమె మాట తప్పే మనిషి కాదు.

"ఏమైంది అంకుల్? మొహం గట్ల తెల్లగైందేంది? షుగర్ డౌనా?" పక్క వరుసలోంచి వచ్చిన కుర్ర ఇంజనీరు అక్షయ్ అడిగాడు.

"నట్లు బాబూ... బిగించలేదు."

"ఏ నట్లు? ప్యానెల్‌వా? నాకిడిచిపెట్టుండ్రి, నేను చూస్త."

"నేను వెళ్ళాలి. సూపర్‌వైజర్‌కి చెప్పు."

"మీరు హాఫ్ డే తీసుకుంటున్నరా? ఇయ్యాల టెక్సాస్‌ల స్నో పడ్తది అంకుల్!"

ఆయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు. కారెక్కి కూర్చున్నాక చూసుకుంటే టార్క్ రెంచ్ ఇంకా చేతిలోనే ఉంది.

హైవే ఎక్కాక పదకొండోసారి చేశాడు. ఎత్తలేదు. ముందు ఎర్ర దీపాలు కనబడిన ప్రతిసారీ కాలు బ్రేకుమీదికి పోయింది. ఎక్కడైనా పోలీసు కారు ఆగి ఉంటే, దాని ముందు ఏ బండి ఉందో కనబడేదాకా మెడ చాచి చూశాడు. నట్లు వదులైతే మొదట దిమ్మె జరుగుతుంది. తరవాత ఇరుసు పక్కకు తిరుగుతుంది. స్టీరింగ్ ఒకవైపు తిప్పుతుంటే బండి ఇంకోవైపు పోతుంది. ఇదంతా ఆయనకు బొమ్మ వేసినట్టు తెలుసు. తెలియకపోయి ఉంటే బాగుండుననిపించింది.

డ్యూటీలో ఉన్న వసంతకుమారికి ఫోను చేసి చెప్పాడు.

"ముందు మీరు మెల్లగా వెళ్ళండి. ఇద్దర్ని ఒకేసారి వెతుక్కోలేను నేను," అంది ఆమె.

ఫోర్ట్‌వర్త్ దాటి అరగంటయ్యాక, పది నలభై ఐదుకు, ఫోను మోగింది.

"హాయ్ డాడీ! ఎలెవెన్ మిస్డ్ కాల్స్? మమ్మీ ఓకేనా?"

"బండి ఆపావా?"

"గ్యాస్ కోసం ఆగాను. స్వీట్‌వాటర్‌లో. ఇక్కడ అన్నీ విండ్‌మిల్సే డాడీ, ఎంత పెద్దగా ఉన్నాయో!"

"వెనకనుంచి శబ్దమేమైనా వస్తోందా?"

"కొంచెం. టర్న్ చేస్తే టక్‌మని వస్తుంది. నా బాక్సులు అనుకున్నా."

"కుడివైపు నట్లు నేను బిగించలేదమ్మా. చేత్తో తిప్పి వదిలేశాను. అయ్యగారొచ్చారు... మర్చిపోయాను."

"వాట్?"

"నువ్వు కదల్చొద్దు. నేను వస్తున్నా."

"డాడీ, ఇట్స్ లైక్ త్రీ అవర్స్. ఇక్కడ ఎవరినైనా..."

"కదల్చొద్దన్నానా!"

కూతురిమీద ఆయన గొంతు పెంచడం అదే మొదలు. ఫోనులో గాలి హోరు వినబడింది. "ఓకే డాడీ. కదల్చను," అంది ప్రిస్సిల్లా చిన్నగా.

బండి ఆగి ఉంది, పిల్ల క్షేమంగా ఉంది. భయం తగ్గాల్సింది. కానీ అది వెనక్కి తిరిగి, ఆమె వచ్చిన దారంతా నడవడం మొదలుపెట్టింది. ఈ వంతెన ఆమె దాటింది. ఈ మలుపులో పక్కన ఒక పెద్ద లారీ ఉండే ఉంటుంది. ఇక్కడ రోడ్డు గతుకుగా ఉంది, ఇక్కడే ఒక నట్టు ఒక చుట్టు వదిలి ఉంటుంది. రెండొందల ఇరవై మైళ్ళు. జరగనిదాన్ని మైలుమైలుకూ జరిగినట్టే చూస్తూ పోయాడు. అరచేతుల చెమటకు స్టీరింగ్ జారుతుంటే ఒక్కొక్క చెయ్యీ ప్యాంటుకు తుడుచుకున్నాడు. పన్నెండున్నరకు మళ్ళీ ఫోను చేశాడు. ఎత్తలేదు. ఇప్పుడు బండి నడపడం లేదుగా, ఎందుకెత్తదు? మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

స్వీట్‌వాటర్ దగ్గర దిగేసరికి ఒంటిగంటన్నర. గ్యాస్ స్టేషను చివర, లారీలు ఆగే చోట, ఎత్తు పెరిగిన పాత ట్రక్కు ఎండలో నిలబడి ఉంది. దాని కిందనుంచి రెండు బూట్లు బయటికి ఉన్నాయి. కదలడం లేదు.

కారు తలుపు వేయడం కూడా మరిచి పరుగెత్తాడు. "ప్రిస్సీ!"

"హియర్ డాడీ. ఒక్క నిమిషం." బూట్లు కదిలాయి. చెంపమీద గ్రీజు మరకతో, విరబోసుకున్న జుట్టులో ఇసుకతో ప్రిస్సిల్లా బయటికి జరిగింది. చేతిలో ఎవరిదో పెద్ద పానా, దాని పిడికి తొడిగిన ఇనుప గొట్టం. "జాకీ పెట్టలేదు, ప్రామిస్. నువ్వు హైట్ పెంచావు కదా, ఊరికే దూరిపోయా."

ఆయన పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఆమె భుజాలు పట్టుకుని చూశాడు, మోచేతులు తిప్పి చూశాడు, చిన్నప్పుడు సైకిలుమీదనుంచి పడినప్పుడు చూసినట్టు.

"ఒక నట్టు లేదు డాడీ. ఎక్కడో పడిపోయింది. ఇంకోటి రెండు థ్రెడ్స్ మీద ఉంది, అంతే. ఒక ట్రక్ డ్రైవర్ అంకుల్ తన బాక్స్‌లో వెతికి ఇచ్చాడు. ఇదెవరు చేశారు అని అడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"చీప్ మెకానిక్ అని చెప్పా." నవ్వింది. నవ్వుతున్న కళ్ళు అప్పటికే ఒకసారి ఏడ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

దైవాశీర్వాదం రెంచ్ తీసుకుని కిందికి దూరాడు. కుడివైపు మొదటి నట్టుమీద పెట్టి లాగాడు. కదలకుండా టిక్కుమంది. రెండోది, మూడోది, నాలుగోది, అన్నీ అంతే. తను చూపించకుండా ఈ పిల్ల ఎప్పుడు నేర్చుకుందో తెలియలేదు. ఊరికే చూసిపోదామని ఎడమవైపుకు జరిగాడు. అది తను చేసిన వైపు, తనకు అనుమానం లేని వైపు. రెంచ్ లాగితే మొదటి నట్టు టిక్కుమనలేదు. తిరిగింది. పావు చుట్టు.

కొత్త దిమ్మె బరువుకు సర్దుకుంటుంది, కొంత దూరం నడిచాక మళ్ళీ చూడాలి. అది ఆయనకు తెలిసిన విషయమే. ఆ విషయమూ నిన్న నోటికి రాలేదు. ఇనుము కింద, వేడి నేలమీద, కదలకుండా కాసేపు పడుకున్నాడు.

"అది నీ సైడ్ కదా డాడీ," అంది ప్రిస్సిల్లా వంగి చూస్తూ.

"ఊఁ."

ఎనిమిదీ బిగించాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. మూడోసారి కూడా చూశాక ఆమె ఆయన చెయ్యి పట్టి బయటికి లాగింది.

"యాభై మైళ్ళకోసారి ఆగి చూడు," అన్నాడు లేస్తూ.

"యాభైకా? అలా అయితే క్రిస్మస్‌కి చేరతాను."

"పోనీ వంద."

"ఓకే, వంద."

"నేను వెనకాలే వస్తా."

"ఎంతవరకు?"

ప్రిస్సిల్లా చేతులు ప్యాంటుకు తుడుచుకుంది. "నువ్వు వెనకాల వస్తే నేను మిర్రర్‌లో నిన్నే చూస్తుంటా డాడీ. రోడ్డు చూడను."

ఆయన చేతిలోని రెంచ్ వైపు చూసుకుని ఆమె ముందుకు చాచాడు. "ఇది ఉంచు."

"ఫ్యాక్టరీది కదా?"

"నేను చెప్పుకుంటాలే."

ఆమె దాన్ని ముందు సీటులో పెట్టి బెల్టు వేసింది, మనిషికి వేసినట్టు. బండెక్కి, కిటికీలోంచి వంగి తండ్రి బట్టతలమీద ముద్దు పెట్టింది. "మమ్మీకి చెప్పు, నేను ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నానని. నువ్వు ఏమైనా తిను."

ట్రక్కు కదిలింది. రోడ్డుమీదికి తిరిగేటప్పుడు ఆయన నోరు తెరిచి, ఊపిరి ఆపి విన్నాడు. టక్‌మనే శబ్దం రాలేదు. వచ్చినా ఈ గాలిలో తనకు వినబడేది కాదేమో. ట్రక్కు హైవే ఎక్కి, తెల్లటి గాలిమరల కింద చిన్నదై, కాసేపు మెరిసి, లేకుండా పోయింది. అక్కడినుంచి రెండొందల మైళ్ళు. అందులో చివరి ఎనభైకి ఫోను సిగ్నల్ ఉండదు.

దైవాశీర్వాదం వెనక్కి తిరిగాడు. ట్రక్కు నిలిచిన చోట ఆమె వీపు కింద పరుచుకున్న అట్టపెట్టె ఒకటి విప్పదీసి ఉంది. దానిమీద రెండు భుజాల చెమట అచ్చు ఇంకా ఆరలేదు. తల ఆనిన చోట పొడవైన వెంట్రుక ఒకటి గ్రీజుకు అంటుకుని ఉంది. గాలికి ఒక అంచు లేచి, నేలమీద పడి, మళ్ళీ లేస్తోంది.