జానెడు ఎత్తు

మేనేజరుకి ఇనుము కన్నా రంగంటే నమ్మకం ఎక్కువ. కంపెనీ పెద్దలు చూడ్డానికొస్తున్నారని కబురు అందిన రోజే యార్డులో కదలని ప్రతిదానికీ పసుపు రంగు కొట్టించాడు. గేటు, చెత్తడబ్బా, బరువులెత్తే స్ప్రెడర్ బీములు, ఏదీ వదల్లేదు. పెయింటరు పాపం పనిమంతుడు. ఒక బీము మీద ఎర్రటి ఇంటూ గుర్తు కనిపిస్తే, ఎవడో ఆకతాయి గీశాడనుకుని దాని మీద ఒక పూత ఎక్కువే వేశాడు.

ఆ గుర్తు పెట్టింది ఈల మామ. ముప్ఫై ఏళ్లుగా క్రేన్లకు ఈలతో సైగలిచ్చే రిగ్గరు. పొడవాటి ట్యాంకుని కొక్కేనికి నేరుగా వేలాడదీస్తే తాళ్లు రెండువైపులా బిగిసి దాని డొక్క నొక్కేస్తాయి. ఆ తాళ్లను ఎడంగా పట్టి బరువుని పంచేదే బీము. యార్డులో అలాంటివి రెండున్నాయి, కవలల్లా. ఒకదానికి తాడు తగిలించే చెవి దగ్గర వెల్డింగు చిట్లిందని మామ పోయిన వారమే పసిగట్టి, ఎర్ర గుర్తు పెట్టి పక్కన పడేశాడు. ఇప్పుడు రెండూ నిగనిగలాడుతున్నాయి. ఈరోజు పెద్దల ముందు ట్యాంకు లేపడానికి వాటిలో ఒకటి అప్పుడే కొక్కేనికి ఎక్కేసింది. అది ఏదన్నది వాటిని చేసినవాడు కూడా చెప్పలేడు.

“సార్, ఒక గంట ఇవ్వండి. రంగు గీకి చూస్తాను,” అన్నాడు మామ.

“గంటా? పెద్దవాళ్లు ఎండలో నిలబడాలా? మొన్న వేసిన రంగయ్యా అది!”

“రంగు బరువు మొయ్యదు సార్.”

“నీ సూక్తులు ఇంటి దగ్గర చెప్పుకో. నువ్వు ఈల వెయ్యకపోతే వేసేవాళ్లు బోలెడంతమంది. క్రేన్ నడిపేవాళ్లు కూడా.”

ఆ చివరి మాట మామకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. క్యాబిన్‌లో ఉన్నది అతని అల్లుడు. మామ మొండితనం పుణ్యమా అని ఇద్దరూ ఇప్పటికే రెండు యార్డులు మారారు. పొద్దున అన్నం డబ్బా అందిస్తూ కూతురు, “నాన్నా, ఈసారైనా ఆయన ఉద్యోగం ఉండనివ్వు, నీకు దణ్ణం పెడతా,” అంది. అల్లుడు మామతో మాట్లాడి నెలయింది. ఇప్పుడు కూడా తల బయటపెట్టి, “కానివ్వండి, అందరూ మననే చూస్తున్నారు,” అని విసుక్కున్నాడు. మామయ్యా అని కూడా అనలేదు.

చెవి తెగితే పోయేది ట్యాంకు ఒక్కటే కాదు. బరువు ఊడిన క్రేన్ చెయ్యి వెనక్కి ఎగిరి క్యాబిన్ మీదే పడొచ్చు. ఆ సంగతి అల్లుడికీ తెలుసు. తెలిసీ తొందరపడుతున్నాడని మామకు ఒళ్లు మండింది. వెంటనే కూతురి మొహం గుర్తొచ్చింది.

“సరే సార్. కానీ నా పద్ధతిలో. ముందు జానెడు.”

దుంగల మీంచి బరువుని జానెడు ఎత్తి, టీ తాగేంతసేపు అలా ఉంచడం మామ అలవాటు. యార్డంతా దాన్ని టీ పరీక్ష అని నవ్వుకునేది. మామ అందరినీ దూరం జరిపి ఈల వేశాడు. ట్యాంకు జానెడు లేచి ఆగింది. బోర్లించిన బకెట్ మీద తీరిగ్గా కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని ఊదుకోసాగాడు. చూపు మాత్రం బీము మీదే ఉంది. అవతల మేనేజరు, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని హెల్మెట్లు పెట్టుకున్న పెద్దలకు, భద్రతే మా ఊపిరి అని ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు.

సగం టీ అయ్యేసరికి చెవి పక్కన పసుపు రంగు మీద వెంట్రుకంత గీత పడింది. చూస్తుండగానే రెండు వేళ్ల పొడవైంది. రంగు పెచ్చు ఒకటి రాలి కింద పడింది. మామ టీ పారబోసి ఈల వేశాడు. ట్యాంకు మెల్లగా దుంగల మీదికి దిగింది.

బీముని కూడా కిందికి దించి మేకుతో గీకాడు. పసుపు కింద ఎర్ర గుర్తు బయటపడింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. చెవి వైపు చూడలేదు, పెద్దల వైపు చూశాడు. గొంతు తగ్గించి పెయింటరుని పిలిచాడు. “గుడ్లప్పగించి చూస్తావేంటి? ఆ గీత మీద ఇంకో పూత కొట్టు. బీము మార్చే టైము లేదు. పది నిమిషాల్లో లేపెయ్యాలి.”

ఇలాంటి బుర్రకి జీతమిచ్చి హెల్మెట్ కూడా ఇచ్చారే, కాపాడ్డానికి లోపల ఏముందని అనుకున్నాడు మామ. నోరు తెరిచేలోపే క్రేన్ ఇంజన్ ఆగిపోయింది.

అల్లుడు నిచ్చెన దిగి వచ్చాడు. క్రేన్ తాళం తీసుకెళ్లి మేనేజరు చేతిలో పెట్టాడు.

“ఎక్కండి సార్, మీరే లేపండి,” అన్నాడు, పెద్దలందరికీ వినపడేలా. “ఈల మా మామయ్య వేస్తారు.”

మామ ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి అల్లుడికిచ్చాడు. మేనేజరు తాళం వైపు చూశాడు. పొద్దున్నించి మొదటిసారి బీము వైపు చూశాడు. ఎక్కలేదు.