పెట్టె ఇంకా పాత ఇంటినే చూపిస్తోంది

"అక్కా, మా ఇల్లు ఎక్కడుందో నా ఫోనుకి తెలీడం లేదు," అంది అవతలి గొంతు. చిన్నపిల్ల గొంతు, మహా అయితే ఇరవై నాలుగుంటాయి.

ఉల్బోసిన్ హెడ్‌ఫోను చెవికి సర్దుకుని ఫిర్యాదు కాగితం తెర మీదికి తెచ్చుకుంది. షిమ్‌కెంట్ ఊళ్ళో ఎవరింట్లో ఇంటర్నెట్ ఆగినా మొదటి తిట్టు ఆమె చెవిలోనే పడుతుంది. తొమ్మిదేళ్ళుగా పడుతోంది. అదీ ఇవాళ్టితో సరి. రాజీనామా కాగితం పై అధికారి గలీనా బల్ల మీద ఉంది, సాయంత్రం సంతకం పడితే ఉద్యోగం పోయినట్టే. ఎందుకు మానేస్తున్నావంటే చెప్పడానికి ఆమె దగ్గర మొగుడి మాటలే ఉన్నాయి, సొంత మాటలు లేవు. "రోజంతా పరాయి మగాళ్ళ చెవుల్లో మాట్లాడేది కూడా ఒక ఉద్యోగమేనా? అమ్మకి రోజుకి మూడుసార్లు సూది వేయాలి, మోకాళ్ళకి కాపడం పెట్టాలి. ఇంటి కోడలు ఇంట్లో ఉండాలి," అన్నాడు దౌరేన్. ఆ ఉద్యోగం చూసే బ్యాంకు అప్పిచ్చిందనీ, ఈమధ్యే తాము దిగిన కొత్త ఇల్లు ఉల్బోసిన్ పేరు మీదే ఉందనీ అతను మర్చిపోయాడు. పనికొచ్చేవి మర్చిపోవడంలో అతన్ని మించినవాడు లేడు.

"నెమ్మదిగా చెప్పమ్మా. ఏమవుతోంది?"

"మేం మూడు వారాల కిందట నుర్‌సాత్ పేట పక్క కొత్త బిల్డింగులో దిగాం అక్కా. టాక్సీ పిలిస్తే నేను పద్దెనిమిదో మైక్రోరయాన్ పేటలో ఉన్నానంటుంది ఫోను. వీధిలోకి వెళ్తే బాగానే ఉంటుంది, ఇంట్లోకి రాగానే మళ్ళీ అదే పాట. నిన్న మాంసం సమ్సాలు తెప్పించుకుంటే, తెచ్చే కుర్రాడు అక్కడికే పట్టుకెళ్ళాడు. ఎవరో ముసలాయన తీసుకుని శుభ్రంగా తినేశాట్ట."

ఉల్బోసిన్‌కి నవ్వొచ్చింది. ఈ జబ్బు ఆమెకి కొత్త కాదు. ఫోను ఇంట్లో ఉన్నప్పుడు ఆకాశంలో ఉపగ్రహాలు సరిగా అందవు, దగ్గర్లో ఉన్న వైఫై రూటర్‌ని చూసి చోటు పోల్చుకుంటుంది. రూటర్‌ని చంకలో పెట్టుకుని ఇల్లు మారితే, మ్యాపుల వాళ్ళ లెక్కలో అది కొన్నాళ్ళు పాత ఇంట్లోనే ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ళు నిండి ఉంటే వాళ్ళ రూటర్లు దాని అబద్ధాన్ని దిద్దుతాయి. ఖాళీ బిల్డింగులో దిద్దేవాళ్ళుండరు. క్రితం ఏడు తమ ఆఫీసు బజారు దగ్గర్నుంచి ఇక్కడికి మారినప్పుడు జరిగిందదే. తన ఫోను దౌరేన్ ఫోనులో కలిపి ఉంటుంది, ఎక్కడుందో అతను ఎప్పుడంటే అప్పుడు చూసుకుంటాడు. ఆఫీసులో కూర్చున్న పెళ్ళాం బజార్లో కనబడింది. ఆ రాత్రి భోజనాల బట్ట పరిచి, అన్నలూ వదినలూ చూస్తుండగా అత్తగారు రొట్టె ముందుకి తోసింది. "మ్యాపు అబద్ధం చెప్పదు, మనుషులే చెప్తారు. రొట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టు." రూటర్ సంగతి చెప్పబోతే, "వంకలు బాగానే నేర్చుకున్నావ్," అన్నాడు మొగుడు. ఉల్బోసిన్ రొట్టె మీద చెయ్యేసింది. వేసి, అందరికీ టీ పోసింది. ఆ చెయ్యి ఇప్పటికీ ఆమెకి తనది కానట్టే ఉంటుంది.

"పద్దెనిమిదో మైక్రోరయాన్‌లో ఇంటి నంబరేం చూపిస్తోంది?"

"నలభై ఒకటి. రెండో గుమ్మం."

చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. నలభై ఒకటి, రెండో గుమ్మం. తాము ఎనిమిదేళ్ళు అద్దెకున్న ఇల్లు. సమ్సాలు తిన్న ముసలాయన ఇంటివాడే అయ్యుంటాడు, ఎవరేం పెట్టినా వద్దనని మనిషి. ఎంతమంది అద్దెకుండి వెళ్ళలేదు ఆ బిల్డింగులో అని తనకి తాను చెప్పుకుంది.

"మీ వైఫై పేరు ఏముందో చదువమ్మా."

"బాతిమా రెండువేల పదహారు. తమాషాగా ఉంది కదా? మార్చుదామంటే మా ఆయన వద్దన్నారు. పాత రూటర్ ఒకటి పడుందని ఆయనే తెచ్చారు. కొత్తది కొందామంటే, ఇది బంగారంలా పనిచేస్తుంటే కొత్తదెందుకన్నారు."

బాతిమా ఉల్బోసిన్ కూతురు. పుట్టింది రెండువేల పదహారులో. ఇల్లు మారేటప్పుడు ఆ రూటర్‌ని తన చేత్తో తువ్వాల్లో చుట్టి పెట్టింది. కొత్తింట్లో వెతికితే, "అది పాడైపోయింది, పారేశాను," అన్నాడు దౌరేన్. పారేయలేదు, కాపురం పెట్టించాడు. తోకల్ అంటారు ఇక్కడ రెండో పెళ్ళాన్ని. చట్టం ఒప్పుకోదు, ముల్లా మంత్రం చదివేస్తాడు, చుట్టాలు మాంసం తిని మూతి తుడుచుకుంటారు, మొదటి పెళ్ళానికి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. తెలిసేది కూడా ఇలాగన్నమాట, హెడ్‌ఫోను పెట్టుకుని, చందాదారు సంఖ్య రాసుకుంటూ. పిసినారి వెధవ. కనీసం ఒక రూటర్ కొని ఇచ్చి ఉంటే తనకి ఈ జన్మకి తెలిసేది కాదు.

"ఎవరితోనే అంత సోది? ఇలా ఇయ్యి," అని వెనక మగ గొంతు వినబడింది. బుధవారం నుంచీ తుర్కెస్తాన్ ఊళ్ళో కంపెనీ పని మీద ఉన్నానని చెప్పిన మొగుడి గొంతు. నిన్న బాతిమా బళ్ళో దొంబ్రా వాయిస్తే, నాన్న ఊళ్ళో లేడు కదా అని పిల్ల తనంతట తనే సర్దిచెప్పుకుంది.

"ఇదిగో అమ్మాయ్, వింటున్నావా? ఇది ఆడవాళ్ళు మాట్లాడుకుంటే తేలే పని కాదు. ఎవరైనా మగాణ్ణి ఇవ్వు."

ఉల్బోసిన్ "వింటున్నాను సార్," అంది. తన గొంతు పోల్చుకుంటాడనుకుంది. పోల్చుకోలేదు. పదకొండేళ్ళు పక్కలో పడుకున్న మనిషి గొంతు అతనికి తెలీదు. ఎలా తెలుస్తుంది? ఇంట్లో ఆమెకున్న మాటలెన్ని? "ఆఁ", "తెస్తున్నా", "అయిపోయింది". ఒక వాక్యం మొదలుపెట్టి చివరిదాకా చెప్పనిచ్చిన రోజు లేదు. ఆమె పేరుకే కొడుకు పుట్టాలని అర్థం, ముగ్గురు ఆడపిల్లల తర్వాత పుడితే నాన్న విసిగిపోయి పెట్టాడు. పుట్టినప్పుడే ఇంకెవరి కోసమో ఎదురుచూస్తూ ఆమెని పిలిచారు. దౌరేనూ అంతే, పిలవడమే గానీ వినడం లేదు. మొదట కళ్ళు మండాయి. ఆ తర్వాత ఒళ్ళంతా మండింది. మండుతున్నా గొంతు మాత్రం చల్లగా, ఆఫీసు గొంతులా వచ్చింది.

"ప్రస్తుతం లైన్లో నేనే ఉన్నాను సార్. ఈ మాటలు రికార్డవుతాయి. చందాదారు ఇంకార్ గారికి మీరేమవుతారు?"

"మొగుణ్ణి."

"మీ పూర్తి పేరు?"

తండ్రి పేరుతో సహా సాగదీసి చెప్పాడు. ఆమె ఒక్కో అక్షరం కొట్టింది.

"రూటర్ ఎక్కడుంది సార్? బీరువా పైనా? కుర్చీ వేసుకుని ఎక్కండి. అమ్మాయిగారిని ఎక్కించకండి, మీరే ఎక్కండి. వైరు పీకేశారా? ఇప్పుడు ముప్ఫై లెక్కపెట్టండి. పైకి పెట్టండి సార్, నాకు వినబడాలి."

దౌరేన్ లెక్కపెట్టాడు. పదిహేడు దగ్గర తడబడితే మళ్ళీ మొదట్నుంచి పెట్టించింది. ఆమెకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. తర్వాత కిందకి దింపి, మంచం కిందకి దూర్చి, గోడలో వైరు గట్టిగా ఉందో లేదో చూడమంది. దానికీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. వాడు దగ్గుతుంటే వింటూ కూర్చుంది.

"ఇంకా పాత ఇల్లే చూపిస్తోంది," అన్నాడు ఆయాసపడుతూ.

"పెట్టెకి తను ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తుంటుంది సార్. తెచ్చినవాళ్ళే మర్చిపోతారు. రూటర్ మార్చాలి. సాయంత్రం ఆరింటికి మనిషిని పంపిస్తాను, మీరు ఇంట్లో ఉండాలి."

"ఉంటాను, ఆదివారం దాకా ఇక్కడే. మగాణ్ణే పంపు, తెలిసిందా?"

ఒంటిగంటకి, రోజూలాగే, ఉల్బోసిన్ ఇంటికి పరిగెత్తింది. భోజనాల గంటలో ఆమె భోజనం ఏనాడూ లేదు, అత్తగారికి చక్కెర సూదీ వేడి సూపే ఉన్నాయి. ముసలామె పరుపు మీద బాసింపట్టు వేసుకుని టీవీ చూస్తోంది.

"ఇవాళ ఐదు నిమిషాలు ఆలస్యం," అంది.

ఉల్బోసిన్ సూది వేసి, దూది అద్ది, "అపా," అని అత్తగారిని పిలిచి, "నుర్‌సాత్ ఇల్లు ఎలా ఉంది?" అంది.

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పలేదు. బుకాయిస్తుందనుకుంది. బుకాయించలేదు.

"వెలుతురు బాగా వస్తుంది. పిల్ల మాంసంతో బెష్‌బర్మాక్ బాగానే వండింది. పిండి రేకులు కొంచెం మందం." ఆగి, "మగాడన్నాక ఉంటాయి. నీకు మగపిల్లాడు పుట్టలేదు కదా, వాడేం చేస్తాడు? గోల చెయ్యకు. ఇంటి పరువు," అంది.

అంటే కిందటి శుక్రవారం కొడుకుతో ఆసుపత్రికని వెళ్ళింది అక్కడికన్నమాట. వచ్చాక కాళ్ళు నొప్పులంటే ఉల్బోసిన్ గంటసేపు నూనె రాసి పిసికింది. తిని వచ్చిన కాళ్ళకి.

"గోల చెయ్యను అపా. మీ బట్టలు సర్దుతున్నాను."

"ఎందుకు?"

"కొడుకు ఎక్కడుంటే తల్లి అక్కడేనని మీరేగా ఎప్పుడూ చెప్తారు. కొడుకు అక్కడున్నాడు."

ముసలామె మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "నన్ను వెళ్ళగొడుతున్నావా?"

"మీ అబ్బాయి దగ్గరికి పంపిస్తున్నాను. తప్పా?"

ముసలామె టీవీ కట్టేసింది. నలభై ఏళ్ళుగా కొడుకు దగ్గరే తల్లి అన్న మాటతోనే ఆమె బతికింది, అందరి మీదా గెలిచింది. ఉల్బోసిన్ మందులు మంచు సంచిలో పెట్టింది. ఏ సూది ఎన్నింటికో, సూపులో ఉప్పెంతో, కాపడం ఏ మోకాలికి ముందో పెద్ద అక్షరాలతో రాసి సంచికి పిన్నుతో గుచ్చింది. ముసలామె ప్రాణానికి హాని తలపెట్టేంత పాపిష్టిది కాదు తను. ఆ పైన దౌరేన్ సూట్లు, చెప్పులు, గడ్డం గీసుకునే మిషను, అతని తుపాకీ లైసెన్సు, అన్నీ రెండు గోతాల్లో కుక్కింది. ఇంకార్ మీద జాలి కలిగిందా అంటే కలిగింది. కానీ వారానికి నాలుగురోజుల పెళ్ళికొడుకుని చూసి మోసపోవడం కంటే, సూదీ కాపడంతో సహా మొగుణ్ణి పూర్తిగా చూడటమే ఆ పిల్లకి మేలు. తనకి ఆ మేలు ఎవరూ చేయలేదు.

మధ్యాహ్నం పూటకి ఆఫీసుకి సెలవు చెప్పి, ఐదున్నరకి టాక్సీ మాట్లాడి, ముసలామెని ఎక్కించి, డ్రైవరుకి చిరునామా నోటితోనే చెప్పింది. మ్యాపు చూసుకోవద్దంది. ముసలామెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మూటలు నాలుగో అంతస్తు దాకా మోయాలని, తలుపు తీసిన మనిషి చేతికే మందుల సంచి ఇవ్వాలని రెండుసార్లు చెప్పించుకుంది.

తిరిగి ఆఫీసుకొచ్చి గలీనా బల్ల దగ్గర నిలబడింది. "నా కాగితం నాకిచ్చేయండి."

"మీ ఆయన ఒప్పుకున్నాడా?" అంది గలీనా కళ్ళజోడు పైనుంచి.

"అడగలేదు," అంది ఉల్బోసిన్.

ఆరూ పదికి బల్ల మీద ఆమె సొంత ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. నాలుగోసారికి హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి ఎత్తింది. వెనకాల అత్తగారి దగ్గు, ఆ పిల్ల ఏడుపు, గోతం ఏదో దొర్లిన చప్పుడు కలగాపులగంగా వినబడ్డాయి.

"ఎక్కడున్నావ్ నువ్వు?" అని అరిచాడు. పదకొండేళ్ళుగా అతని ఫోనుల్లో మొదటి మాట అదే.

ఈ దేశంలో కోడలు మొగుడివైపు వాళ్ళ పేరు నోటితో అనదు. మొగుడి పేరు కూడా, పిల్లల నాన్న అనో, ఆయన అనో దాటేస్తుంది. ఉల్బోసిన్ కూడా ఇన్నేళ్ళలో ఆ పేరు రాసిందే గానీ, అతని ఎదుట ఒక్కసారీ పలకలేదు.

"నేనెక్కడున్నానో నీ ఫోను చూసుకో. నువ్వెక్కడున్నావో నాకు తెలుసు, దౌరేన్," అంది ఉల్బోసిన్. "అక్కడే ఉండు."