నాలుగో అంకె

ఆఫీసు గేటు దగ్గర బల్ల మీద లిఫ్టు ఫోను మోగింది. రెండు, మూడు అంతస్తుల మధ్య ఇరుక్కున్నది సాక్షాత్తూ మేనేజరుగారే. ఆయనకు ఉబ్బసం. పీల్చే మందేమో మూడో అంతస్తులో, ఆయన సొరుగులో ఉంది.

"మెకానిక్... వచ్చాడా?"

"వచ్చాడు సార్. ఇక్కడే ఉన్నాడు," అన్నాడు వాచ్‌మన్.

వచ్చిన మెకానిక్ వాచ్‌మన్‌కు సొంత బావ, అక్క మొగుడు. పొద్దున ఇద్దరూ ఒకే వంటింట్లో తిని బయల్దేరారు. అయినా బావ పనిముట్ల సంచితో గేటు అవతలే నిలబడ్డాడు. బయటివాళ్లు ఎవరొచ్చినా, వాళ్లు కలవాల్సిన మనిషి ఫోనుకు నాలుగంకెలు వెళ్లాలి. ఆ మనిషి అవి చెబితేనే గేటు తియ్యాలి. ఆ రూలు పెట్టిన మహానుభావుడు లిఫ్టులో ఉన్నాయనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"ఎవరిని కలవాలి?" అన్న గడిలో "లిఫ్టు" అని కొడితే కంప్యూటరు ఒప్పుకోలేదు. లిఫ్టు వ్యవహారాలు చూసేది మేనేజరే కాబట్టి అంకెలు ఆయన ఫోనుకే వెళ్లాయి.

"ఒరేయ్, నేనెవరో నీకు తెలీదట్రా?"

"నాకు తెలుసు బావా. దీనికి తెలీదు."

"మీ అక్కని పిలిచి సాక్ష్యం చెప్పించనా?"

వాచ్‌మన్‌కు నవ్వు రాలేదు. అంకెలు లేకుండా గేటు తీసినందుకు ఇప్పటికే రెండు మెమోలు తిన్నాడు. అందులో ఒకటి మేనేజరుగారి భార్యను లోపలికి రానిచ్చినందుకు. మూడోది వస్తే ఇంటికే.

"సార్, అంకెలు చెప్పండి!"

"ఏడు..." ఫోనులో ఊపిరి ఈల వేస్తోంది. "రెండు... తొమ్మిది..."

"నాలుగోది సార్?"

ఈల ఒక్కటే వినిపించింది. సున్నా కొట్టాడు, తప్పన్నది. ఒకటి కొట్టాడు, తప్పన్నది. మూడోసారి తప్పితే కంప్యూటరు అరగంట మూగనోము పడుతుంది. వేలు గాల్లోనే ఆగిపోయింది. ఫోనులో ఇప్పుడు ఆ ఈల కూడా వినపడటం లేదు. మనిషి పోతుంటే తను అంకె వెతుకుతున్నాడని తెలిసి వాచ్‌మన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. మెడలో కార్డు లాగి గేటుకు ఆనించాడు.

"పద బావా!"

ఇద్దరూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. బావ రెండో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచేలోగా వాచ్‌మన్ పైకెళ్లి సొరుగు లాగి మందు తెచ్చాడు. లిఫ్టు నేల వాళ్ల ఛాతీ ఎత్తులో ఆగి ఉంది. మేనేజరు మూలకు ఒరిగిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. వాచ్‌మన్ లోపలికి పాకి, తల ఒళ్లో పెట్టుకుని, నోటికి మందు అందించాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి ఛాతీ కదిలింది.

చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి వాచ్‌మన్‌ని పోల్చుకున్నాడు.

"గేటు దగ్గర... ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. తీసేసి వచ్చాను," అన్నాడు వాచ్‌మన్, వీపు నిమురుతూనే.

మేనేజరు ఇంకేదో అనబోయాడు, ఊపిరి చాల్లేదు. వాచ్‌మన్ చొక్కా పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.