కాకి గూడు కాదు

పంపుహౌసు కిటికీల దాకా నీళ్లు నిలిచిన వరద వచ్చిపోయిన మూడో ఏడు. ఆ వరదకి పాతవి కొట్టుకుపోతే చెరువు ఒడ్డున కొత్త స్తంభాలు పాతారు. చివరి స్తంభం నెత్తిన ఒక పెద్ద గూడు లేచింది. ఆ ఉదయం గూట్లోంచి ఇనుప తీగ ముక్క జారి కరెంటు తీగల మీద అడ్డంగా పడింది. పంపు ఆగిపోయింది. ఊరి ట్యాంకులో గంటకి సరిపడా నీళ్లే ఉన్నాయి.

లైన్‌మన్ ఎప్పటిలాగే పెట్టెలోంచి మూడు ఫ్యూజులూ పీకి నడుం సంచిలో వేసుకుని స్తంభం ఎక్కసాగాడు. ఫ్యూజు నీ దగ్గరుంటే ప్రాణం నీ దగ్గరున్నట్టే అని పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. కింద ఇంజనీరు చేతిలో కాగితం ఉంది. ‘కాకి గూడు తొలగించవలెను’ అని అందులో రాసి ఉంది.

పైకి చేరాడో లేదో ఒక పక్షి దూసుకొచ్చి హెల్మెట్‌ని తన్నిపోయింది. తెల్లటి పొట్ట, కంటి మీదుగా నల్లటి పట్టీ. గూట్లో మూడు పిల్లలు పుల్లలకి అతుక్కుపోయి కదలకుండా ఉన్నాయి. పక్కన సగం తిన్న చేప.

"సార్, ఇది కాకి కాదు. కొరమీను గద్ద."

"ఏదైతే నీకేంటి? లాగి పడెయ్."

"కాకిదైతే లాగేవాణ్ణే. దీని గూడు ముట్టుకోకూడదని మీ ఆఫీసు గోడ మీదే ఉంది. కాగితంలో పేరు మార్చండి."

ఇంజనీరుకి తెలియక కాదు. ఆ పేరు రాస్తే పైనుంచి అనుమతి రావాలి, వారం పడుతుంది. కాకి అని రాస్తే అడిగే నాథుడు లేడు.

"దిగు అయితే. ఇంకొకణ్ణి ఎక్కిస్తా."

"దిగను."

ఇంజనీరు పంపు ఆపరేటరు వైపు తిరిగాడు. అతను లైన్‌మన్‌కి బావ, అక్క మొగుడు. అధికారి కూర్చోమంటే కూర్చుని, లేవమంటే లేచే మనిషి.

"ఫ్యూజుల చోట రాగి తీగ కట్టు. కరెంటొస్తే వాడే దిగుతాడు."

బావ రాగి తీగ చుట్ట తీశాడు. పెట్టె దాకా నడిచాడు. మూత తెరిచాడు.

లైన్‌మన్ పిల్లల వైపు చూశాడు. కుడిచేతి తొడుగు పళ్లతో లాగేసి, వట్టి చేత్తో కరెంటు తీగ పట్టుకున్నాడు.

"కట్టు బావా."

బావ తలెత్తి చూశాడు. చుట్టని చెరువులోకి విసిరేశాడు.

"చెయ్యి జారింది సార్," అన్నాడు. "వీడు పోతే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు. మీ ఇంట్లో పడుకోనిస్తారా?"

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. ముప్పావుగంట గడిచిపోయింది.

"ఏం కావాల్రా నీకు?"

"నాలుగు మూరల రబ్బరు గొట్టం. కాగితంలో ఈ పక్షి పేరు."

బావ పాత గొట్టాన్ని నిలువునా చీల్చి తాడుకి కట్టి పంపాడు. లైన్‌మన్ ఇనుప ముక్క తీసేసి, గూటి కింద తీగలకి గొట్టం తొడిగాడు. పక్షి ఇంకో రెండుసార్లు తన్నింది. చెవి చీరుకుపోయింది. అతను దిగి ఫ్యూజులు పెట్టేసరికి ట్యాంకు అడుగు కనిపిస్తోంది. పంపు మోగింది.

ఇంజనీరు పేరు మార్చి, కాగితం ఫైల్లో పెట్టకుండా మడిచి సొంత జేబులో పెట్టుకున్నాడు. లైన్‌మన్ ఆ జేబు వైపే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన తెచ్చాడు. బావ కింద పట్టుకున్నాడు. స్తంభం నంబరు కింద, ఎర్ర రంగుతో, ఒక్కో అక్షరం జానెడంత, కొరమీను గద్ద గూడు అని రాశాడు. రంగు ఆరేదాకా ఆగి, నిచ్చెన భుజానేసుకుని డ్యూటీకి పోయాడు.